పాఠం చెప్పే హక్కు ఎవరిది?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో ప్రతి సెమిస్టరూ వందకు పైగా కోర్సులను డిగ్రీ విద్యార్థులే నడుపుతారు. సిలబస్ రాసేది వాళ్లే, తరగతిలో నిలబడి చెప్పేది వాళ్లే, అసైన్‌మెంట్లు చూసేదీ వాళ్లే. కూర్చుని వినేవాళ్లు తోటి విద్యార్థులు. యానిమేషన్, బ్లాక్‌చెయిన్, మొబైల్ యాప్‌ల తయారీ, రూబిక్స్ క్యూబ్, ఇలా విషయం ఏదైనా కావచ్చు. కోర్సు సక్రమంగా పూర్తిచేస్తే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. డీకాల్ అని పిలిచే ఈ ఏర్పాటు 1981లో మొదలై నేటికీ సాగుతోంది. మన విశ్వవిద్యాలయాల పద్ధతులకు అలవాటుపడినవారికి ఇది వినగానే రెండు సందేహాలు కలుగుతాయి. చదువుకోవడానికి వచ్చినవాడు చదువు చెప్పడమేమిటన్నది మొదటిది. ఇదంతా సంపన్న దేశాల్లో చెల్లే ముచ్చటే తప్ప మనకు పనికొచ్చేది కాదన్నది రెండోది. ఈ రెండు సందేహాలకూ చరిత్రలో గట్టి సమాధానాలే ఉన్నాయి. విద్యార్థి గురువు స్థానంలో నిలబడటం కొత్త విషయం కాదు. విశ్వవిద్యాలయం పుట్టిననాటి నుంచీ ఏదో ఒక రూపంలో ఉన్నదే. పైగా దాని కథలో ఒక కీలకమైన మలుపు మద్రాసులో, దేశీయ వీధి బడుల దాపున జరిగింది.

ఈ చరిత్ర సరిగ్గా అర్థం కావాలంటే విద్యలో ఇమిడి ఉన్న మూడు అధికారాలను విడివిడిగా చూడాలి. ఏం నేర్పాలో నిర్ణయించే అధికారం మొదటిది. ఎదుట నిలబడి నేర్పే అధికారం రెండోది. నేర్చుకున్నాడని ధ్రువీకరించి పట్టా ఇచ్చే అధికారం మూడోది. నేటి విశ్వవిద్యాలయంలో మూడూ అధ్యాపకుల చేతిలోనో, వారిపైనున్న సంస్థల చేతిలోనో ఉన్నాయి గనుక అవి విడదీయరానివని మనం అనుకుంటాం. ఒక్కో కాలంలో, ఒక్కో చోట ఇవి వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. ఎవరి చేతిలో ఏది ఉందన్నదాన్ని బట్టే ఆ ఏర్పాట్లు నిలిచాయి, లేదా కూలిపోయాయి. మొదటి రెండు అధికారాల్లో విద్యార్థికి నిజమైన వాటా ఇచ్చి, మూడోదాన్ని అధ్యాపకుల బాధ్యతగా ఉంచిన చోట విద్యార్థుల కోర్సులు దశాబ్దాల తరబడి బతికాయి. విద్యార్థి నుంచి శ్రమ మాత్రమే తీసుకుని ఆలోచనకు చోటివ్వని పద్ధతులూ, ప్రభుత్వం పైనుంచి చేయి పెట్టి నడిపించాలని చూసిన పద్ధతులూ చెడిపోయాయి. ఈ వ్యాసంలో నేను నిరూపించదలచుకున్నది ఇదే.

మొదట బొలోన్యా. ఇటలీలోని ఆ నగరంలో పన్నెండో శతాబ్దం నాటికే న్యాయశాస్త్రం చదవడానికి యూరప్ నలుమూలల నుంచి విద్యార్థులు చేరేవారు. వాళ్లలో చాలామంది వయసు వచ్చినవాళ్లు, పరాయి ప్రాంతాల వాళ్లు. నగర పౌరులకు ఉండే రక్షణలు వాళ్లకు లేవు. ఇంటి అద్దెలు పెంచేవారి నుంచి, ఇష్టం వచ్చినట్టు వ్యవహరించే ఆచార్యుల నుంచి తమను కాపాడుకోవడానికి వాళ్లు సంఘాలుగా ఏర్పడ్డారు. ఆ విద్యార్థి సంఘమే అక్కడ విశ్వవిద్యాలయం. దానికి అధిపతి అయిన రెక్టరు కూడా విద్యార్థే. ఆచార్యులకు జీతం ముట్టేది విద్యార్థులిచ్చే రుసుము నుంచి కాబట్టి అధికారమూ వాళ్ల దగ్గరే ఉండేది. రెక్టరు మాట వింటామని ఆచార్యులు ప్రమాణం చేయాలి. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టినా, కష్టమైన భాగాన్ని దాటవేసినా జరిమానా కట్టాలి. ఊరు విడిచి వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి. ఇంత అధికారం చలాయించిన విద్యార్థులు కూడా ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు. ఎవరు విద్వాంసుడో పరీక్షించి తేల్చే పని ఆచార్యుల సంఘం చేతిలోనే ఉండిపోయింది. బోధనకు అనుమతి పత్రం ఇచ్చే బాధ్యతను 1219లో మూడో హొనోరియస్ పోపు బొలోన్యా చర్చి అధికారి అయిన ఆర్చ్‌డీకన్‌కు అప్పగించాడు. తరవాతి కాలంలో నగరమే ఆచార్యులకు జీతాలివ్వడం మొదలుపెట్టాక విద్యార్థుల పట్టు క్రమంగా సడలింది. డబ్బు ఎవరి చేతిలో ఉంటే పాఠ్యక్రమంపై మాట వాళ్లది అవుతుందన్న సత్యం అప్పుడే స్పష్టమైంది.

బొలోన్యా విద్యార్థులు పాలించారు గానీ, పాఠం చెప్పే పని ప్రధానంగా ఆచార్యులదే. పారిస్‌లో పద్ధతి వేరు. అక్కడ విశ్వవిద్యాలయం అంటే ఆచార్యుల సంఘం. అయినా బోధన అంతా వాళ్లే చేయలేదు. చదువు సగం దాటి బాచిలర్ స్థాయికి వచ్చిన విద్యార్థి, ఒక ఆచార్యుడి పర్యవేక్షణలో, తనకన్నా చిన్న విద్యార్థులకు గ్రంథాలు చదివి వివరించాలి. వేదాంత విభాగంలో పీటర్ లొంబార్డ్ రాసిన సెంటెన్సెస్ అనే గ్రంథం మీద పాఠాలు చెప్పడం పై మెట్టుకు చేరే ప్రతివాడూ పూర్తిచేయవలసిన విధి. అంటే నేర్పడమన్నది నేర్చుకోవడం ముగిశాక వచ్చే పదవి కాదు; నేర్చుకోవడంలోనే ఒక దశ. ఒక విషయం తనకు నిజంగా తెలుసో లేదో తేలేది దాన్ని మరొకరికి చెప్పవలసి వచ్చినప్పుడేనని ఆ వ్యవస్థ నమ్మింది. విద్యార్థికీ అధ్యాపకుడికీ మధ్య ఈనాడు మనం చూస్తున్న ఎత్తైన గోడ చాలా తరవాత, విశ్వవిద్యాలయాలు ఉద్యోగ వ్యవస్థలుగా మారాక లేచింది.

ఇక మన వైపు చూద్దాం. పద్దెనిమిదో శతాబ్దంలో దక్షిణాది పల్లెల్లో అరుగుల మీద సాగే బడుల్లో ఒక్కడే పంతులు, చుట్టూ రకరకాల వయసుల పిల్లలు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దే చిన్నవాళ్లకు, కాస్త ముందు చేరిన పెద్ద పిల్లలు చెప్పేవారు. పంతులు ఆ పెద్ద పిల్లల పాఠం అప్పజెప్పించుకునేవాడు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాధికారి పర్యవేక్షకుడయ్యాడు. దగ్గరలోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టబోయాడు. అతని కింద పనిచేసే ఉపాధ్యాయులు అది కుదరదన్నారు. దాంతో ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే పిల్లవాడికి ఆ తరగతి అప్పగించాడు. ఆ ప్రయోగం ఫలించింది. బడి మొత్తాన్నీ అతను పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతికి మార్చాడు. 1796లో ఇంగ్లండు వెళ్లిపోయి, మరుసటి ఏడాది తన అనుభవాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. అక్కడి నుంచి అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో ప్రపంచమంతటా పాకింది. లండన్‌లో దాదాపు అదే సమయంలో జోసెఫ్ లాంకాస్టర్ ఇలాంటి పద్ధతినే పేదపిల్లల బడిలో ప్రవేశపెట్టాడు. ఒక్క ఉపాధ్యాయుడు వందల మంది పిల్లలను నడిపించగలడని ఇంగ్లండు నమ్మింది.

ఆ పద్ధతికి మూలమైన దేశీయ బడుల గురించి తెలుగువారికి బాగా దగ్గరి సాక్ష్యం ఒకటుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో చదువు ఎలా ఉందో విచారించమని ఆదేశించినప్పుడు, 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ తన నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన పండితుడు కూడా అతనే. ఇప్పటి అనంతపురం ప్రాంతమూ, ఆదోనీ కలిసి ఉన్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని అతను లెక్క చూపాడు. తక్కువ ఖర్చుతో చదువు చెప్పడాన్నీ, ముందు నేర్చినవాళ్లు వెనకవాళ్లకు నేర్పే ఏర్పాటునూ మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆ నివేదికలోనే అతను మరో మాట కూడా రాశాడు. పిల్లలు వల్లించే తెలుగు పుస్తకాలు పద్యాల్లో, వాడుకకు దూరమైన భాషలో ఉన్నాయనీ, చదివేవాళ్లకే కాదు, చెప్పేవాళ్లకూ వాటి అర్థం తెలియదనీ అన్నాడు. ఈ రెండు వ్యాఖ్యలనూ విడదీసి చదివితే అసలు సంగతి తప్పిపోతుంది. పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెప్పడం గొప్ప పద్ధతే. చెప్పే విషయాన్ని ప్రశ్నించే అవకాశం, అర్థం చేసుకునే అవకాశం అతనికి లేకపోతే మాత్రం వల్లెవేత ఒక నోటి నుంచి మరో నోటికి మారుతుంది, అంతే.

ఇంగ్లండులో జరిగింది అదే, ఇంకా పెద్ద ఎత్తున. పిల్లల చేత చెప్పించడంలో ఉన్న విద్యాసారం వెనక్కి పోయి, పొదుపు ముందుకు వచ్చింది. తరగతి నాయకుడైన పిల్లవాడు తనకు ఇచ్చిన పాఠాన్ని మాట మారకుండా కింది వరసకు అందించాలి. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ పైనుంచి నిర్ణయమై వస్తాయి. నేర్పే పని విద్యార్థిది అయింది గానీ, నేర్పే విషయంలో అతనికి రవ్వంత స్వేచ్ఛ లేదు. కొద్ది దశాబ్దాల్లోనే ఆ బడుల చదువులో పస లేదన్న విమర్శ బలపడింది. 1846లో బ్రిటిష్ ప్రభుత్వం జీతం, శిక్షణ, పరీక్ష ఉన్న విద్యార్థి-ఉపాధ్యాయ పథకాన్ని తెచ్చి పాత పద్ధతిని పక్కన పెట్టడం మొదలుపెట్టింది. విద్యార్థి బోధనను వ్యతిరేకించేవారు తరచు ఈ వైఫల్యాన్ని ఎత్తి చూపుతారు. నాకు అందులో కనిపించే పాఠం వేరు. అక్కడ విఫలమైనది విద్యార్థి శక్తి కాదు. ఆ శక్తిని చవక కూలీగా లెక్కగట్టిన విధానం విఫలమైంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న మళ్లీ లేచింది బర్కిలీలో. 1964 నాటికి ఆ ప్రాంగణంలో పాతిక వేలకు పైగా విద్యార్థులున్నారు. తరగతులు కిక్కిరిసిపోయేవి. పెద్ద ఆచార్యులకు పరిశోధనే ప్రధానం. ఆ ఏడాది శరదృతువులో ప్రాంగణంలో రాజకీయ ప్రచారాన్ని నిషేధించడంతో వాక్ స్వాతంత్ర్యోద్యమం రగిలింది. పౌరహక్కుల సంఘం బల్ల దగ్గర కూర్చున్న యువకుణ్ణి అరెస్టు చేసిన పోలీసు కారును విద్యార్థులు చుట్టుముట్టి ముప్పై గంటలకు పైగా కదలనివ్వలేదు. డిసెంబరులో స్ప్రౌల్ హాలు ముట్టడిలో దాదాపు ఎనిమిది వందల మంది అరెస్టయ్యారు. ఉద్యమం మాట్లాడే హక్కు గురించే మొదలైనా, దాని వెనక విద్య గురించిన అసంతృప్తి ఉందని అధ్యాపకులు గ్రహించారు. ఆంగ్ల సాహిత్యాచార్యుడు చార్లెస్ మస్కటీన్ అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం 1966లో విడుదల చేసిన నివేదిక, విభాగాల చట్రంలో ఇమడని ప్రయోగాత్మక కోర్సులకు దారి తెరవాలని సిఫారసు చేసింది. దాని ఫలితంగా అలాంటి కోర్సులను ఆమోదించే విద్యాభివృద్ధి బోర్డు ఏర్పడింది. విద్యార్థి సంఘం తన వంతుగా భాగస్వామ్య విద్యా కేంద్రాన్ని పెట్టుకుని, ఏ కోర్సులు కావాలో తానే ప్రతిపాదించడం మొదలుపెట్టింది.

ఆ ఏర్పాటుకు అసలు పరీక్ష 1968లో వచ్చింది. అమెరికా సమాజంలోని జాతివివక్ష మీద సోషల్ అనాలిసిస్ 139ఎక్స్ అనే కోర్సును విద్యార్థులు ప్రతిపాదించారు. అధ్యాపకులు బాధ్యత వహించారు, బోర్డు ఆమోదించింది. అందులో ప్రధాన ఉపన్యాసకుడు బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు ఎల్డ్రిడ్జ్ క్లీవర్. పది ఉపన్యాసాలు అతను ఇవ్వాలి. జైలు జీవితం గడిపి, ఆ ఏడాదే తన వ్యాస సంపుటితో దేశమంతటా పేరు తెచ్చుకున్న వ్యక్తి అతను. గవర్నరు రొనాల్డ్ రీగన్ మండిపడ్డాడు. సెప్టెంబరులో విశ్వవిద్యాలయ పాలకమండలి సమావేశమై, నియామకం లేని వ్యక్తి ఎవరైనా ఒక క్రెడిట్ కోర్సులో ఒక్కసారికి మించి ఉపన్యసించరాదని తీర్మానించింది. తమ విద్యావిషయక అధికారంలో ఇది జోక్యమని అధ్యాపకుల సెనేట్ నిరసించింది. క్లీవర్ ఉపన్యాసాలు ఆగలేదు గానీ కోర్సుకు క్రెడిట్ రాలేదు. క్రెడిట్ కావాలని అక్టోబరులో స్ప్రౌల్ హాలులో, మోజెస్ హాలులో బైఠాయించిన వారిలో వందమందికి పైగా అరెస్టయ్యారు. ఈ ఘటనను సాధారణంగా అతివాద విద్యార్థులకూ మితవాద గవర్నరుకూ మధ్య పోరుగా చెబుతారు. విద్యాచరిత్ర దృష్టితో చూస్తే గొడవ వేరేచోట ఉంది. ఒక కోర్సు విలువైనదా కాదా అని తేల్చవలసింది దాన్ని పరిశీలించి సంతకం చేసిన అధ్యాపకులా, లేక దాన్ని చదవని రాజకీయ పాలకులా? ఆ కోర్సులో విద్యార్థులు ధ్రువీకరణ అధికారాన్ని లాక్కోలేదు; అధ్యాపకుల అనుమతితోనే వచ్చారు. ఆ అధికారాన్ని అధ్యాపకుల చేతుల్లోంచి లాక్కున్నది పాలకమండలి.

అదే సమయంలో అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు మరో దారి వేశారు. 1965-66లో వాళ్లు ప్రయోగాత్మక కళాశాల పేరుతో సొంత కోర్సులు మొదలుపెట్టారు. ఖర్చు విద్యార్థి సంఘం నిధుల నుంచి వచ్చేది. కొన్నింటికి అధ్యాపకుల సాయంతో క్రెడిట్లు కూడా దక్కాయి. నల్లజాతి విద్యార్థులు తమ చరిత్ర మీద, కళల మీద కోర్సుల వరస నడిపారు. అప్పటి విశ్వవిద్యాలయాల జాబితాల్లో ఆ విషయాలు దాదాపు కనిపించేవి కావు. తమకు కావలసిన జ్ఞానం ఏ విభాగమూ అందించడం లేదని గుర్తించినవారు, దాన్ని తామే సమకూర్చుకున్నారు. 1968 నవంబరులో మొదలై నాలుగు నెలలకు పైగా సాగిన విద్యార్థుల సమ్మె తరవాత, అమెరికాలో మొట్టమొదటి నల్లజాతి అధ్యయన విభాగం, జాతుల అధ్యయనాల కళాశాల ఆ కాలేజీలో ఏర్పడ్డాయి. ఈ రోజు ప్రపంచమంతటా గౌరవనీయమైన పరిశోధనారంగంగా ఉన్నది, మొదట విద్యార్థులు తోటివారి కోసం వేసుకున్న తరగతుల్లో మొలకెత్తింది. కొత్త జ్ఞానం విశ్వవిద్యాలయంలోకి ఎప్పుడూ ఆచార్యుల గది నుంచే రాదనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం నాకు కనిపించదు.

ఈ అలజడి చల్లారాక బర్కిలీ విద్యార్థులు నేర్చుకున్న పాఠం డీకాల్ నిర్మాణంలో కనిపిస్తుంది. కోర్సు పెట్టదలచిన విద్యార్థి వారం వారం ఏం చెబుతాడో, ఏం చదివిస్తాడో, ఎలా అంచనా వేస్తాడో పూర్తి ప్రణాళిక రాయాలి. ఒక అధ్యాపకుడు దాన్ని చదివి సంతకం చేయాలి. ఆ తరవాత విభాగాధిపతి ఆమోదం కావాలి. అధికారిక పత్రాల్లో కోర్సుకు బాధ్యుడు ఆ అధ్యాపకుడే. తరగతి నడిపేది, చర్చ నడిపించేది విద్యార్థి. మార్కులూ గ్రేడ్లూ ఉండవు. ఉత్తీర్ణత ఉందా లేదా అన్నదే ఉంటుంది. కోర్సులు చాలావరకు ఒకటి రెండు యూనిట్లవే. ఈ నియమాలు చూడటానికి చిన్నవే అయినా వాటి వెనక దశాబ్దాల ఘర్షణ ఉంది. విషయం ఎంచుకునే స్వేచ్ఛా, బోధించే స్వేచ్ఛా విద్యార్థికి దక్కాయి. పట్టాకు పూచీ అధ్యాపకుడిదైంది. క్రెడిట్ల పరిమాణాన్ని తగ్గించడం వల్ల పొరపాటు జరిగినా నష్టం పరిమితంగానే ఉంటుంది. నలభై ఏళ్లు దాటినా ఇది నిలబడటానికి కారణం ఈ పంపకమేనని నేను నమ్ముతాను. ఇలా నిలిచినవి ఇంకా ఉన్నాయి. బర్కిలీ ఉద్యమం రగిలిన 1964లోనే టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రయోగాత్మక కళాశాలను విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి కూర్చునే మండలి నడుపుతోంది. ఒహాయోలోని ఒబర్లిన్ కళాశాలలో 1968లో మొదలైన విద్యార్థుల కోర్సులూ అలాగే కొనసాగుతున్నాయి.

స్వీడన్ ఉదాహరణ మరో అడుగు ముందుకు వేస్తుంది. ఉప్సలా విశ్వవిద్యాలయంలో పర్యావరణ సంక్షోభం గురించి ఏ ఒక్క విభాగమూ సమగ్రంగా చెప్పడం లేదని భావించిన విద్యార్థులు 1992లో మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధం మీద ఒక కోర్సు ప్రారంభించారు. అది పెరిగి సెముస్ అనే కేంద్రమైంది. అక్కడ విద్యార్థులను, కొత్తగా చదువు ముగించినవారిని కోర్సు సమన్వయకర్తలుగా జీతమిచ్చి నియమిస్తారు. పాఠ్యక్రమం రూపొందించేది, ఏ రంగం నుంచి ఎవరిని ఉపన్యాసానికి పిలవాలో నిర్ణయించేది, సెమినార్లు నడిపేది వాళ్లే. పరిశోధకులతో, అధ్యాపకులతో కూడిన బృందం ఆ ప్రణాళికను పరిశీలించి ఆమోదిస్తుంది. ఇక్కడ విద్యార్థి తనకు తెలియని విషయంలో పండితుణ్ణని చెప్పుకోడు. ఏ ప్రశ్నలు అడగాలి, ఎవరెవరి జ్ఞానాన్ని ఒకచోట చేర్చాలి అన్నది తేల్చడమే అతని ప్రతిభ. పర్యావరణం వంటి, విభాగాల హద్దులు దాటే విషయాల్లో ఆ ప్రతిభ నిజంగా అరుదు. ఒకే శాస్త్రంలో జీవితం గడిపిన ఆచార్యుడి కంటే, నాలుగు విభాగాల తరగతుల్లో కూర్చుని వాటి మధ్య ఖాళీలను గమనించిన విద్యార్థికే అది ఒక్కోసారి ఎక్కువగా ఉంటుంది.

ఇప్పుడు ఆక్షేపణలకు వద్దాం. విద్యార్థికి విషయపరిజ్ఞానం చాలదన్నది మొదటిది, న్యాయమైనది కూడా. శస్త్రచికిత్సనూ వంతెనల నిర్మాణాన్నీ విద్యార్థుల కోర్సులకు వదిలేయాలని ఎవరూ అనరు, నేనూ అనను. కాకపోతే బోధనకు పరిజ్ఞానం ఒక్కటే చాలదు. హార్వర్డ్ భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల ఆరంభంలో, తాను ఎంత చక్కగా వివరించినా మౌలిక భావనలు విద్యార్థులకు పట్టుబడటం లేదని గమనించి, తరగతిలోనే పక్కవారితో చర్చించి జవాబు తేల్చుకునే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఒక భావనను నిన్ననే అర్థం చేసుకున్నవాడికి అది ఎక్కడ కొరుకుడు పడలేదో ఇంకా గుర్తుంటుంది. ఎప్పుడో నేర్చుకున్న ఆచార్యుడికి ఆ కష్టం మరుపున పడిపోతుంది. మరొకరికి చెప్పాలన్న ఉద్దేశంతో చదివినప్పుడు చదువు మరింత బాగా అబ్బుతుందని 1980లో బార్గ్, షుల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుల ప్రయోగం సూచించింది. పారిస్ బాచిలర్లకు పాఠం చెప్పడాన్ని విధిగా పెట్టినవారు ఈ సంగతిని ప్రయోగశాలలు లేకుండానే పట్టుకున్నారు. కాబట్టి ఇలాంటి కోర్సు వల్ల లాభం వినేవాళ్లకు ఎంతో, చెప్పేవాడికి అంతకు మించి.

రెండో ఆక్షేపణ, ఇవి సులువుగా క్రెడిట్లు సంపాదించే అడ్డదారులుగా మారతాయన్నది. రూబిక్స్ క్యూబ్‌కు విశ్వవిద్యాలయ క్రెడిట్ ఏమిటని అడిగేవారి బాధ నాకు అర్థమవుతుంది. దీనికి రెండు సమాధానాలు. సడలింపు ప్రమాదం ఆచార్యుల కోర్సుల్లోనూ ఉంది; దానికి విరుగుడు పర్యవేక్షణే గానీ నిషేధం కాదు. గ్రేడు లేకుండా ఉత్తీర్ణత మాత్రమే ఇవ్వడం, యూనిట్లు పరిమితం చేయడం, అధ్యాపకుడి సంతకం తప్పనిసరి చేయడం ఆ పర్యవేక్షణ రూపాలే. ఇక రెండోది, ఏది తేలిక విషయం, ఏది గంభీర విషయం అన్న తీర్పు కాలంతో మారుతుంది. 1966లో నల్లజాతి చరిత్రను ప్రత్యేక విద్యావిషయంగా గుర్తించడానికి చాలామంది పండితులు సిద్ధంగా లేరు. పది తేలిక కోర్సుల మధ్య ఒక్క కొత్త శాస్త్రం మొలకెత్తినా విశ్వవిద్యాలయం నష్టపోయింది లేదు. పొలంలో పది గింజలు వట్టిపోయాయని రైతు విత్తడం మానడు.

మూడో ఆక్షేపణ మన రాష్ట్రాలకు సంబంధించింది, అన్నిటికన్నా బరువైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. పాఠాలు చాలాచోట్ల కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. ఈ స్థితిలో విద్యార్థుల చేత పాఠాలు చెప్పించమంటే, ప్రభుత్వాలు దాన్ని నియామకాలు ఎగ్గొట్టే సాకుగా వాడుకోవా? తప్పకుండా వాడుకునే ప్రమాదం ఉంది. లాంకాస్టర్ బడుల చరిత్ర హెచ్చరించేది సరిగ్గా దాని గురించే. అందువల్ల నేను ఒక షరతును గట్టిగా చెప్పదలచుకున్నాను. విద్యార్థి కోర్సు ఏ తప్పనిసరి కోర్సుకూ ప్రత్యామ్నాయం కాకూడదు. ఏ అధ్యాపక పోస్టునూ తగ్గించడానికి కారణం కాకూడదు. ఉన్న పాఠాలకు అదనంగా, విభాగాలు ఇవ్వని విషయాల్లో మాత్రమే అది ఉండాలి. నిజానికి అధ్యాపకులు లేని చోట ఈ పద్ధతి నడవనే నడవదు. ప్రణాళిక చదివి, తప్పులు దిద్ది, సంతకంతో పూచీ పడే మనిషి లేకపోతే అది బర్కిలీ అవదు, లాంకాస్టర్ బడి నకలు అవుతుంది. విద్యార్థి బోధనకు మద్దతు ఇవ్వడమంటే శాశ్వత నియామకాలను మరింత గట్టిగా కోరడమే.

మన నిబంధనలు ఇందుకు ఎంతవరకు చోటిస్తున్నాయి? సహాయ ఆచార్యుడిగా నియమించాలంటే నిర్దేశించిన అర్హతలు ఉండాలన్న యూజీసీ నియమం నియామకానికి సంబంధించింది. పర్యవేక్షణలో నడిచే చర్చాతరగతిని అది నిషేధించదు. 2020 జాతీయ విద్యావిధానం బడుల్లో పిల్లలు తోటివారికి నేర్పడాన్ని శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ప్రోత్సహించమంది. చిన్నపిల్లలను నమ్మిన విధానం, ఇరవై ఏళ్లవారిని నమ్మడానికి ఎందుకు వెనకాడాలి? స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు సొంత సిలబస్ రూపొందించుకునే అధికారం ఉంది. వాటి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అధ్యాపకులకూ, బయటి నిపుణులకూ, పరిశ్రమ ప్రతినిధులకూ, చివరికి ఒక పూర్వవిద్యార్థికీ చోటు ఉంది. ప్రస్తుతం ఆ సిలబస్ చదువుతున్నవారికి మాత్రం లేదు. ఏం నేర్పాలన్న మొదటి అధికారం నుంచి విద్యార్థిని ఎంత దూరం నెట్టామో ఇది చెబుతుంది. హాస్టళ్లలో మాత్రం పరీక్షల ముందు రాత్రి ఒకడు నలుగురికి చెబితే నలుగురూ గట్టెక్కడం అందరికీ తెలిసిందే. విద్యార్థి బోధన మన దగ్గర లేకపోలేదు. దానికి గుర్తింపు, గౌరవం, సమయం లేవు. పైగా అది పరీక్షకు పనికొచ్చే పాఠానికే కట్టుబడి ఉంది.

కాబట్టి చేయవలసింది పెద్ద విప్లవం కాదు. ఒక్క స్వయంప్రతిపత్తి కళాశాల, ఒక్క సెమిస్టరులో, ఒక్క క్రెడిట్ విలువైన ఐదారు కోర్సులకు విద్యార్థుల నుంచి ప్రతిపాదనలు పిలవవచ్చు. పోచంపల్లి నుంచి వచ్చిన విద్యార్థిని ఇక్కత్ నేతలోని గణితాన్ని చెప్పవచ్చు. కంప్యూటరు విద్యార్థి తెలుగు లిపిని యంత్రాలకు నేర్పడంలోని చిక్కుల మీద కోర్సు పెట్టవచ్చు. అనంతపురం విద్యార్థి తన జిల్లా కరవు చరిత్రను రికార్డుల నుంచి చదివించవచ్చు. ప్రతి ప్రణాళికకూ ఒక అధ్యాపకుడు బాధ్యుడు కావాలి. ఫలితం ఉత్తీర్ణత రూపంలోనే ఉండాలి. కోర్సు ముగిశాక ఏం నిలిచింది, ఏం నిలవలేదు అన్నది బహిరంగంగా చర్చకు రావాలి. అలా నడిస్తే విద్యార్థికి ఒక సంగతి అనుభవంలోకి వస్తుంది. జ్ఞానం పైనుంచి దిగివచ్చే సరుకు కాదనీ, ఎంచుకుని, అమర్చి, నలుగురి ముందు పెట్టి, తప్పైతే సరిదిద్దుకోవలసిన పని అనీ అతనికి తెలుస్తుంది. అధ్యాపకుడికి కూడా తన స్థానం తగ్గదు. సిలబస్ పూర్తిచేసే ఉద్యోగి స్థితి నుంచి, మరొకరి ఆలోచనకు పూచీ పడే పెద్దరికానికి ఎదుగుతాడు. మద్రాసు బడుల నుంచి ఇంగ్లండు మన పద్ధతిలోని పొదుపును మాత్రమే తీసుకుని దెబ్బతిన్నది. మనం దానిలోని విశ్వాసాన్ని తీసుకుని, నాటి బడుల్లో లోపించిన ప్రశ్నించే స్వేచ్ఛను దానికి జోడించాలి. ఆ రెండూ కలిసిన చోటే విద్యార్థుల కోర్సులు నిలిచాయి; అలా కలపడం మన కళాశాలలకు సాధ్యమయ్యే పనే.